దొరికినా పోయినట్టే

మా ఆయన పనిచేసేది పోయిన పాస్‌పోర్టుల విభాగంలో. పోయిన పాస్‌పోర్టులను వెతికిపెట్టే చోటు అనుకుని చాలామంది ఆయనకు దండాలు పెడుతుంటారు. ఆయన పని అది కాదు. ఎవరి పాస్‌పోర్టయినా పోయినా, దొంగలు ఎత్తుకుపోయినా, దాని నంబరును దేశాలన్నీ కలిసి చూసుకునే ఒక జాబితాలోకి ఎక్కించడం ఆయన పని. ఎక్కించాక ఆ పాస్‌పోర్టు పట్టుకుని ఎవరు ఏ దేశపు గుమ్మంలో నిలబడ్డా అక్కడి యంత్రం పట్టేస్తుంది.

"వెతకడం మన పని కాదు, తెలియజేయడం మన పని" అని ఆయన ఇంట్లో కూడా అంటుంటారు. మేజోడు ఒకటి కనబడకపోయినా చివరిసారి ఎక్కడ చూశాం, ఎవరి మీదైనా అనుమానం ఉందా అని నన్నే అడుగుతారు. మంచం కిందికి దూరేది మాత్రం నేను.

పోయిందన్న కబురు చెవిన పడితే పొద్దు గూకేలోపు జాబితాలోకి ఎక్కించాలన్నది ఆయన పట్టుదల. ఆయన వచ్చాక ఆ విభాగంలో ఒక్క తప్పు కూడా జరగలేదు. అందుకు గుర్తుగా గోడ మీద ఒక బోర్డు పెట్టారు. దాని మీద "తప్పు నమోదులు: లేవు" అని ఉంటుంది. ఆ బోర్డును ఎవరినీ తుడవనివ్వరు. సొంత చేతిరుమాలుతో ఆయనే తుడుస్తారు.

ఈ పరిస్థితుల్లో మా అత్తయ్య ప్రయాణం పెట్టుకుంది.

అత్తయ్య చెల్లెలు వేరే దేశంలో ఉంటుంది. నాకు చిన్నత్తయ్య. ఎప్పుడో భర్త పోయి, పిల్లల్లేక, ఒంటరిగా హాయిగా ఉన్న మనిషి. అరవై దాటాక పెళ్ళి చేసుకుంటున్నానని ఫోన్ చేసింది. వరుడు లిఫ్టు మెకానిక్. వాళ్ళ భవనంలో లిఫ్టు బాగుచేయడానికి వచ్చి, సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఈవిడను ఎక్కించుకుని, మధ్యలో ఇరుక్కుపోయాడట. బయటికి లాగేసరికి పెళ్ళి మాటలన్నీ అయిపోయాయి.

పెళ్ళి శనివారం మధ్యాహ్నం, రిజిస్ట్రారు ఆఫీసులో. పెళ్ళికూతురి తరఫున సాక్షి సంతకం అక్కదే అని చిన్నత్తయ్య తేల్చేసింది.

"మొదటి పెళ్ళికి గవదబిళ్ళలని ఎగ్గొట్టావు" అంది ఫోన్‌లో. "ఈసారీ రాకపోతే ఆయన అక్కగారు పెడతానంటోంది సంతకం. నీ ఇష్టం."

"ఆవిడెవరు మన తరఫున పెట్టడానికి?" అంది అత్తయ్య. ఆ అక్కగారిని అత్తయ్య ఎన్నడూ చూడలేదు. ఆ క్షణం నుంచే ఆవిడంటే అత్తయ్యకు పడటం మానేసింది.

మా ఆయన టిక్కెట్టు కొన్నారు. దాంతోపాటు పాస్‌పోర్టు పెట్టుకుని మెడలో వేసుకునే ఒక సంచీ కూడా కొన్నారు. బట్టల లోపల వేసుకుంటే దొంగలకు కనబడదట.

మంగళవారం మధ్యాహ్నం అత్తయ్య పెట్టె సర్దుతూ ఆగిపోయింది. "అమ్మాయ్, నా పాస్‌పోర్టు కనబడటం లేదు."

వెతకడం మొదలుపెట్టాం. బీరువా ఖాళీ చేశాం, సోఫా తిప్పాం, ఫ్రిజ్ వెనక చూశాం, చెప్పుల అరలో చెప్పులన్నీ దులిపాం. సర్దిన పెట్టె నేను పూర్తిగా కుమ్మరించి మళ్ళీ సర్దాను. అత్తయ్యకు ఆయాసం వచ్చింది. స్వెట్టర్ గుండెల మీదికి లాక్కుని కుర్చీలో కూలబడింది.

"నేను జన్మలో ఒక్క వస్తువు పోగొట్టుకోలేదు. ఇది ఎవరో తీసిన పని" అంది.

"పొద్దున స్టవ్ బాగుచేసే అతను తప్ప ఎవరూ రాలేదు అత్తయ్యా."

"అతని మీద అనుమానమని నేను అనలేదు. నువ్వే అన్నావు" అని ఆఫీసుకు ఫోన్ చేసింది.

అటు మా ఆయన ఏమన్నారో నాకు వినబడలేదు. ఇటు అత్తయ్య గొంతు వణుకుతూ వినబడింది. "పోయిందిరా. అన్నిచోట్లా చూశాం. ఎవరి మీద అనుమానం అంటే ఏం చెప్పను, అందరూ మంచివాళ్ళే. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఆయన ఏదో ఒకటి చేశారు.

సాయంత్రం ఒళ్ళంతా దుమ్మయిందని అత్తయ్య స్నానానికి వెళ్ళింది. కాసేపటికి లోపలి నుంచి "అమ్మాయ్" అని చిన్నగా పిలిచింది. తలకు తువ్వాలు చుట్టుకుని తలుపు సందులోంచి చెయ్యి బయటికి చాపింది. చేతిలో మెడసంచీ, సంచీలో పాస్‌పోర్టు. ప్రయాణంలో ఒరుసుకోకుండా ఉండాలని అలవాటు కోసం పొద్దున్నే మెడలో వేసుకుందట. అలవాటు బాగా కుదిరింది. వేసుకున్న సంగతే మరిచిపోయింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత నాలుక చివరి దాకా వచ్చింది. కోడలి నోట అంత సరిగ్గా సరిపోయే సామెత బాగుండదని మింగేశాను.

"వాడికి నేనే చెప్తాను. నువ్వు నవ్వకుండా ఉండు" అంది అత్తయ్య.

మా ఆయన వస్తూనే గుమ్మంలో చెప్పులు విడుస్తూ ధైర్యం చెప్పారు. "నువ్వేం బెంగ పెట్టుకోకమ్మా. ఎక్కించేశాను."

"ఏమిటి ఎక్కించింది?"

"నీ నంబరు. ఇక నీ పాస్‌పోర్టు పట్టుకుని ఎవరు ఏ దేశం వెళ్ళినా అక్కడికక్కడే ఆపేస్తారు."

"నేను వెళ్ళినా?"

అప్పుడు చూశారు ఆవిడ చేతిలో ఉన్నదేమిటో. మెల్లిగా చెప్పుల అర మీదే కూర్చున్నారు.

"పోయిందన్నావు కదమ్మా."

"దొరికింది. ఇదిగో."

"అది పోయింది."

"నా చేతిలో ఉందిరా."

"నీ చేతిలో ఉంటే ఉంది. ఒకసారి జాబితాకెక్కాక దొరికినా పోయినట్టే."

అత్తయ్య పాస్‌పోర్టు తెరిచి తన ఫోటో తను చూసుకుంది, అక్కడ ఉన్నదో లేదోనన్నట్టు. "అంటే ఇప్పుడు లోకమంతా నా పేరు దొంగల్లో చదువుకుంటోందా?"

"జాబితాలో పేరుండదమ్మా. నంబరు, ఏ దేశం ఇచ్చిందీ, అంతే."

"ఇంకా నయం. దొంగ ఉందని తెలుసు, ఎవరో తెలియదన్నమాట. సరే, ఎక్కించింది నువ్వేగా, దింపు."

"దింపడానికి అదేమన్నా అటక మీది పెట్టెనా? కారణం ఉండాలి. దొరికిందన్నది కారణం కాదు. దొంగ కూడా వచ్చి నాకు దొరికింది, నంబరు తీసెయ్యమంటే తీసేస్తామా?"

"నేను దొంగనట్రా?"

"కావు. కాని దొంగ కూడా కాదనే అంటాడు."

కొత్త పాస్‌పోర్టుకు రాసుకుంటే వచ్చే వారానికి గాని రాదు. పెళ్ళి ఈ శనివారం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కనుక నేను కంచాలు పెట్టాను. అత్తయ్య అలిగి భోజనం మానే రకం కాదు. అలిగితే రెండోసారి వడ్డించుకుంటుంది. ఆ రోజు మూడోసారి కూడా వడ్డించుకుంది.

చెయ్యి కడుక్కుంటూ అంది, "రేపు మీ ఆఫీసుకొస్తాను."

"ఆఫీసుకి వద్దమ్మా."

"అక్కడ నేను నీకు తల్లిని కాను. నువ్వు నాకు కొడుకువి కావు. నలుగురితోపాటు వస్తాను."

అన్నట్టే మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలు, నంబరు పిలిచే గంట, అద్దం వెనక మా ఆయన. అద్దంలో మాటలు వినబడటానికి గుండ్రటి కంత, దాని పక్కన దారం కట్టిన పెన్ను. మా నంబరు పిలవగానే అత్తయ్య వెళ్ళి కంత దగ్గరికి వంగింది.

"నమస్కారమండీ."

మా ఆయన ఒకసారి నావైపు, ఒకసారి గోడ మీది బోర్డు వైపు చూశారు. "నమస్కారమండీ. ఏం పని మీద వచ్చారు?"

"నా పాస్‌పోర్టు దొరికిందండీ."

"చాలా సంతోషం. ఎవరికి దొరికింది?"

"నాకే."

"ఎక్కడ దొరికింది?"

అత్తయ్య వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నేను కుర్చీల వైపు చూశాను. "నా దగ్గరేనండీ" అంది గొంతు తగ్గించి.

మా వెనక గొడుగు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ముందుకు వంగి, "అమ్మగారూ, మీది దొరికింది కదా, మాది నిజంగానే పోయింది. కాస్త జరుగుతారా?" అన్నాడు.

"పోయినవాళ్ళది ఒకటే కష్టం నాయనా. దొరికినవాళ్ళ కష్టం నీకేం తెలుసు" అంది అత్తయ్య జరగకుండా.

"చూడండి" అన్నారు మా ఆయన, అద్దం ఇవతల అందరికీ వినబడేలా. "నిన్న మీరు ఫోన్ చేసి పోయిందని చెప్పినందువల్ల, నిబంధనల ప్రకారం..."

"ఫోనా?" అని లోపలి గదిలోంచి ఒక గొంతు వచ్చింది, తర్వాత తుమ్ము, ఆ తర్వాత సూపరింటెండెంటు. ఆవిడను ఆఫీసంతా తుమ్ముల మేడమ్ అంటుందని మా ఆయన ఇంట్లో చెప్పేవారు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. పాత కాగితాల దుమ్ము పడదట. ఉద్యోగం చూస్తే ఆ కాగితాల మధ్యే. "ఫోన్‌లో ఫిర్యాదు తీసుకున్నారా మీరు?"

మా ఆయన తల పైకెత్తారు. ఆయన నెత్తికి సరిగ్గా పైన అద్దానికి ఎర్ర అక్షరాలతో అంటించి ఉంది: "పోగొట్టుకున్నవారు స్వయంగా వచ్చి, గుర్తింపు చూపి, సంతకం చేయవలెను." ఆ దస్తూరి ఆయనదే. పుట్టినరోజు కార్డుల మీద చూస్తుంటాను.

"నిన్న నా సంతకం వంకరగా ఉందని తిప్పి పంపారండీ ఈయన" అన్నాడు గొడుగాయన.

"మా అమ్మ మేడమ్" అన్నారు మా ఆయన ఎట్టకేలకు. "గొంతు వణికింది. చూస్తే బయట పొద్దు గూకుతోంది. ఎక్కించేశాను."

తుమ్ముల మేడమ్ అద్దానికి అటూ ఇటూ ఉన్న రెండు మొహాలనూ పోల్చి చూసింది. ముక్కు ఒకటే. "ఈవిడ మీ అమ్మగారా? మరి ఇంతసేపూ అండీ అండీ అనుకుంటారేమిటి?"

"డ్యూటీలో ఉన్నాను మేడమ్."

"నేను నలుగురిలో ఉన్నానండీ" అంది అత్తయ్య.

మేడమ్ ఒక తుమ్ము తుమ్మి, ఆలోచించి, తేల్చింది. "సంతకం లేదు కనుక ఎవరూ ఫిర్యాదు ఇవ్వలేదు. ఫిర్యాదు లేదు కనుక పాస్‌పోర్టు పోలేదు. పోనిదాన్ని పోయిందని ఎక్కించాం కనుక ఇది మన తప్పు నమోదు. మన తప్పయితే మనమే వెనక్కి తీసుకోవచ్చు, ఈ పూటే. మీరు వివరణ రాసివ్వండి."

నేను మా ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఆయన బోర్డు వైపు చూశారు. ఆయన చూడటం అత్తయ్య చూసింది. ఆ బోర్డు గురించి మా వీధిలో ఇంటింటికీ చెప్పింది అత్తయ్యే. కూరగాయల కొట్టతను కూడా ఇప్పుడు బోర్డు ఎలా ఉందని అడుగుతుంటాడు.

"వద్దులెండి మేడమ్‌గారూ" అంది అత్తయ్య. "వాడు రాసింది నిజమే. నేనే పోగొట్టుకున్నాను. ఎక్కడ పెట్టాలో చెప్పండి, సంతకం పెడతాను." అని దారానికున్న పెన్ను అందుకుంది.

"అమ్మా, అది పెడితే నువ్వు పెళ్ళికి వెళ్ళలేవు."

"వెళ్ళను. ఆ అక్కగారు కాచుక్కూచుందిగా, పెడుతుందిలే."

"పెన్ను వదులు."

"నువ్వు వదులు."

పెన్ను దారం కంతలోంచి లోపలికి పోయి ఆయన బల్లకు కట్టి ఉంది. ఆయన లోపలి నుంచి దారం లాగారు. అత్తయ్య బయట నుంచి పెన్ను లాగింది. పెన్ను కంతకు అడ్డంపడి ఇటూ రాలేదు, అటూ పోలేదు. గొడుగాయన తన నంబరు పిలవరేమోనన్న బెంగతో అత్తయ్య తరఫున ఒక చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడు మేడమ్ తుమ్మింది. అత్తయ్య ఉలిక్కిపడి వదిలేసింది. పెన్ను లోపలికి వెళ్ళింది, క్యాపు గొడుగాయన చేతిలో మిగిలింది.

మా ఆయన కాగితం తీసుకుని వివరణ రాయడం మొదలుపెట్టారు. కారణం దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. "కారణం క్లుప్తంగా రాయండి" అని ఎందరికో చెప్పిన మనిషి.

"తొందర అని రాయి" అంది అత్తయ్య కంతలోంచి.

"అదొక్కటే బాగుండదమ్మా."

"అతి తొందర అని రాయి."

"తల్లి మీద మమకారం అని మాత్రం రాయకండి" అంది మేడమ్. "పైవాళ్ళు ప్రతిదానికీ ఆధారం అడుగుతారు."

అతి తొందర అనే రాశారు. మేడమ్ సంతకం పెట్టింది. నంబరు వెనక్కి తీసుకుంటున్నట్టు కబురు వెళ్ళింది. మా ఆయన లేచి, కుర్చీ ఎక్కి, బోర్డు మీద "లేవు" చెరిపి "ఒకటి" అని రాశారు. కుర్చీ ఊగుతుంటే గొడుగాయన లోపలికెళ్ళి పట్టుకున్నాడు. దిగాక గొడుగాయన సంతకాన్ని మా ఆయన వంకరగానే తీసుకున్నారు.

ఆ రోజు నుంచి మా ఆయనకు ఇంకో బెంగ పట్టుకుంది. ఇక్కడ తీసేసిన నంబరు అక్కడి సరిహద్దు యంత్రాలకు తీసేసినట్టు తెలిసిందా? కొన్ని దేశాలు ఎప్పటికప్పుడు ఉమ్మడి జాబితానే చూస్తాయట. కొన్ని నకలు దగ్గర పెట్టుకుని, తీరుబడిగా సరిచేసుకుంటాయట. చిన్నత్తయ్య ఉన్న దేశం ఏ రకమో ఈయనకు తెలియదు.

"అమ్మా, ఎవరూ ఏమీ అడక్కపోతే నువ్వేమీ చెప్పకు" అని శుక్రవారం విమానాశ్రయంలో మరీ మరీ చెప్పారు. "జాబితా అన్న మాటే ఎత్తకు. ఎత్తితే లేని అనుమానం పుడుతుంది."

"నేనేమన్నా చిన్నపిల్లనా" అంది అత్తయ్య. మెడసంచీ ఈసారి స్వెట్టర్ పైన వేసుకుంది.

ఇక్కడి యంత్రం ఏమీ అనలేదు. అత్తయ్య అద్దాల అవతలికి వెళ్ళి, మాకు చెయ్యి ఊపి, పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున విమానం దిగింది. ఆ తర్వాత చాలాసేపటికి చిన్నత్తయ్య ఫోన్. "మీ అత్తయ్య ఏదే? ఆ విమానంలో వాళ్ళందరూ వెళ్ళిపోయారు. పెట్టెలు తిరిగే బెల్టు కూడా ఆపేశారు. మా రిజిస్ట్రారు మధ్యాహ్నం తాళం వేసుకుని పోతాడు. ఈయన అక్కగారు సొంత పెన్ను తెచ్చుకుని మరీ కూర్చుంది."

ఫోన్ పెట్టి చూద్దును కదా, మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు. "పట్టేసింది. పాత నకలు చూసి పట్టేసింది. మా అమ్మను ఏ గదిలో కూర్చోబెట్టారో."

ఇలాంటి పని చూసే మనిషి ఒకాయన ఆ విమానాశ్రయంలోనే ఉన్నాడట. ఈయనా ఆయనా ఏళ్ళ తరబడి కబుర్లు పంపుకుంటున్నారు. ఈయన ఒక నంబరు పంపితే ఆయన "మీ సందేశం అందింది. తగు చర్య తీసుకున్నాం" అంటాడు. ఆయన పంపితే ఈయనా అదే మాట అంటారు. అంతకుమించి ఒక్క అక్షరం ఎరగరు. మా ఆయన వెంటనే ఆయనకు రాశారు. సదరు నంబరు గల ప్రయాణికురాలి విషయంలో పరిస్థితి తెలుపగలరని, వీలైనంత త్వరగా తెలుపగలరని. "మా అమ్మ" అని చివర్లో కలిపి, చెరిపి, మళ్ళీ కలిపారు.

జవాబు వచ్చింది. ఎన్నడూ లేనంత పొడుగ్గా ఉంది.

"మీ సందేశం అందింది. సదరు పాస్‌పోర్టును మా యంత్రం ఎటువంటి అభ్యంతరమూ లేకుండా అంగీకరించింది. అయితే ప్రయాణికురాలు ముందుకు కదలలేదు. తన మీద ఏమైనా ఉందా అని మా అధికారిని అడిగారు. లేదన్నారు. సరిగా చూడమన్నారు. రెండోసారీ లేదన్నారు. ఏమీ లేదని రాతపూర్వకంగా ఇమ్మన్నారు. అటువంటి పత్రం మా వద్ద లేనందున నా గదికి పంపారు. ప్రస్తుతం నా ఎదుట కూర్చుని టీ తాగుతున్నారు. తగు చర్య ఏమిటో తెలుపగలరు."

మా ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. "పంపండి. వెంటనే బయటికి పంపండి. చెల్లెలి పెళ్ళి ఉంది" అని టైపు చేశారు.

మళ్ళీ జవాబు. "మీ సందేశం అందింది. పంపుతున్నాం. టాక్సీవాళ్ళను నమ్మనని అంటున్నందున నా కారులో నేనే తీసుకువెళ్తున్నాను. పెళ్ళికి నన్ను కూడా ఉండమంటున్నారు. మీ వైపు నుంచి అభ్యంతరం ఉంటే తెలుపగలరు."

ఆయన గదిలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచారు. దేనికైనా ఒక నిబంధన ఉంటుందని నమ్మిన మనిషికి ఇందుకు నిబంధన దొరకలేదు. చివరికి "అభ్యంతరం లేదు" అని పంపారు.

మధ్యాహ్నం దాటాక ఫోటో వచ్చింది. చిన్నత్తయ్య, పక్కన తల దువ్వుకున్న లిఫ్టు మెకానిక్. బల్ల మీద వంగి అత్తయ్య సంతకం పెడుతోంది. ఎడమ మోచెయ్యి బాగా బయటికి చాచింది. ఆ మోచేతి వెనక ఎవరిదో సగం మొహం, పైకి పట్టుకున్న ఒక పెన్నూ కనబడుతున్నాయి. అక్కగారనుకుంటాను. అందరికంటే వెనక, మెడలో విమానాశ్రయం బిళ్ళతో, బట్టతలతో, పొట్టిగా ఒకాయన కేకు ముక్క పట్టుకుని నవ్వుతున్నాడు.

మా ఆయన ఆ బట్టతలను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. చూస్తూ చూస్తూ చొక్కా పై బొత్తం పెట్టుకున్నారు.

ఫోటో కింద అత్తయ్య మాట్లాడి పంపింది కూడా ఉంది. వెనక పాటల గోలలో నొక్కి నొక్కి చెప్తోంది. "సంతకం నాదే పడిందిరా. మీవాడు బంగారంలాంటి మనిషి. దారంతా నా గోడు విన్నాడు. కాని అతనికి నీమీద చాలా కష్టంగా ఉంది పాపం. ఇన్నేళ్ళుగా రాస్తున్నాడు, ఒక్కరోజు బాగున్నారా అని అడగలేదట నువ్వు."

"ఆయన మాత్రం అడిగాడా?" అన్నారు మా ఆయన ఫోన్‌తో.

కాసేపటికి వెళ్ళి ఆఫీసు కబుర్లు పంపే కంప్యూటరు ముందు కూర్చున్నారు. రాశారు, ఆగారు, నన్ను పిలిచి తెర చూపించారు. "మీ సందేశం అందింది. మీరు బాగున్నారా?" అని ఉంది.

"మరీ చనువు తీసుకున్నట్టుందా?" అన్నారు.

"పంపండి" అన్నాను.